పాల బాకీకి ఫొటో ఉండదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన సోమవారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. ఎవరిదో పుట్టినరోజు. మధ్యలో కేకు, దాని వెనక శాలువా కప్పుకున్న పెద్దమనిషి, ఆయనకు అటూ ఇటూ నలుగురు, వాళ్ల కాళ్ల దగ్గర రెండు వరుసల్లో కూర్చోబెట్టిన పిల్లలు, పిల్లల చేతుల్లో బిర్యానీ పొట్లాలు. పైన ‘అనాథ బాలల నడుమ జన్మదిన వేడుకలు’ అని హెడ్డింగు. ముందు వరుసలో ఎడమ నుంచి మూడో పిల్ల నాకు తెలుసు. పేరు రాయను, ఎందుకు రాయనో తర్వాత చెప్తాను. ఆ పిల్ల అనాథ కాదు. అమ్మ ఉంది, రొయ్యల గుంటల మీద పనికి పోతుంది, ఏ గుంట దగ్గర పని దొరికితే అక్కడే పాక వేసుకుంటుంది, బడి ఉన్న ఊళ్లో కుదురుగా ఉండే వీలు లేక బిడ్డను హోమ్‌లో పెట్టింది. మంగళవారం పొద్దున ఎవరో మీ పేపరు ముక్క కత్తిరించి తరగతిలో ఆ పిల్ల బెంచీ మీద పెట్టారట. బుధవారం నుంచి కడుపునొప్పి అని బడికి పోవడం లేదు.

తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదండీ. పంపినవాళ్లకూ వేసినవాళ్లకూ చెడ్డ ఉద్దేశం లేదని తెలుసు, బిర్యానీ కూడా మంచిదే పెట్టారట, పిల్లలే చెప్పారు. నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది, అది చెప్పాలంటే ముందు కొంచెం నా సోది చెప్పుకోవాలి. అక్కర్లేదనిపించిన చోట తీసేయండి, కత్తెర మీ చేతిలోనే ఉంది కదా.

మాది కావలి. ఈ మాట రాయడానికి నాకు క్షణం పట్టలేదు, పలకమంటే మాత్రం ఒక్కోసారి నిమిషం. నాకు నత్తి. అన్ని అక్షరాలకూ రాదు, క, ప, ట, ఈ మూడింటి దగ్గర గొంతు గడియ పడిపోతుంది. నా ఖర్మ చూడండి, పుట్టిన ఊరే క తో మొదలు. నెల్లూరులో ఒంగోలు బస్సెక్కి, కండక్టరు ‘యాడికి?’ అంటే కావలి అనలేక ఉలవపాడుకు టికెట్ తీసుకుని కావలిలో దిగిపోయిన రోజులు బోలెడు. ఉ పలకడం హాయి. రైల్వే రిజర్వేషన్ ఫారం ఎవడు కనిపెట్టాడో గానీ వాడికి దండం పెట్టాలి, అక్కడ నోరు తెరవక్కర్లేదు. ముప్పై మూడేళ్లు ఒక ఆఫీసులో లెక్కల గుమస్తాగా చేశాను, అంకెలు కలిపేటప్పుడు మాట్లాడే పని లేదు, ఆ కుర్చీ నాకు సరిపోయింది. ప్రమోషను వస్తే జనంతో మాట్లాడే సీటు ఇస్తారని భయపడి ఒకసారి వద్దని రాసిచ్చాను కూడా. ఇది మా ఆవిడకు ఇప్పటికీ తెలియదు, ఇప్పుడు మీ పేపరులో చదివి తెలుసుకుంటుంది.

రిటైరయ్యాక మా ఊరి శివార్లో ఉన్న ఒక పిల్లల హోమ్‌కు ఉచితంగా లెక్కలు రాసిపెడతానన్నాను. పేరు రాయడం లేదు, రాస్తే లోపలున్న పిల్లలెవరో తెలిసిపోతుంది. బాలన్యాయ చట్టం కింద రిజిస్టరైన హోమ్ అది, 34 మంది ఉంటారు, అందరూ బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో వచ్చినవాళ్లే. 34 మందిలో అమ్మా నాన్నా ఇద్దరూ లేనివాళ్లు తొమ్మిది మందే. మిగతావాళ్లకు అమ్మో అవ్వో ఎవరో ఒకరున్నారు, తిండి పెట్టే దారి లేక, వెంట తీసుకుపోయే వీలు లేక ఇక్కడ ఉంచారు. బాతుల మంద వెంట ఊళ్లు తిరిగే యానాది కుటుంబం పిల్లాడొకడున్నాడు, వాడికి నాన్న, చిన్నాన్న, మేనమామలు అందరూ ఉన్నారు, బడి మాత్రం ఉండదు. వీళ్లందరినీ కలిపి అనాథలు అనేస్తున్నాం.

మొదటి నెల పుస్తకాలు తిరగేస్తే నాకు ఒక వింత కనపడింది. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి మూడు పార్టీలు. ఒకాయన పుట్టినరోజు, ఇంకొకాయన పెళ్లిరోజు, ఇంకొకళ్లు వాళ్ల నాన్న ఆబ్దికం. ముగ్గురూ పన్నెండున్నరకే వస్తామంటారు, ముగ్గురూ బిర్యానీయే తెస్తారు. సోమవారం నుంచి శనివారం దాకా ఎవరూ రారు. ఖర్చు పేజీ చూస్తే పాలవాడికి బాకీ 31,200. రోజుకు ఎనిమిది లీటర్లు, లీటరు అరవై, అరవై అయిదు రోజులుగా ఇవ్వలేదు. పాలవాడు మంచివాడు కాబట్టి పోస్తూనే ఉన్నాడు, అయితే ఈ మధ్య పాలు పలచబడ్డాయని వంటామె సణుగుతోంది, నేను వాణ్ణి తప్పు పట్టలేను. కరెంటు బిల్లు రెండు నెలలది 9,640. సాయంత్రం చదువు చెప్పే టీచరమ్మకు మూడు నెలల జీతం 21,000. ఆరుగురికి కళ్లజోళ్లు, 5,400. ఆడపిల్లల ప్యాడ్లు ఆరు నెలలకు 4,800. స్నానాల గదులకు రెండు తలుపులు, 6,500. తలుపుల్లేక గోనెపట్టా వేలాడదీసి ఉంది. మొత్తం 78,540 రూపాయలు.

హోమ్ నడిపే అమ్మను అడిగాను, బిర్యానీ ఇచ్చేవాళ్లను పాల బాకీ కట్టమని అడగొచ్చు కదమ్మా అని. ఆమె నవ్వింది. ‘అడిగి చూశాను సార్. పాల బాకీకి ఫొటో ఉండదు గదా’ అంది.

కేకుకు ఫొటో ఉంటుంది. బిర్యానీకి ఉంటుంది. కరెంటు బిల్లు కట్టిన రసీదు చేతిలో పట్టుకుని ఎవరు ఫొటో దిగుతారు? దానం చేసేవాడికి ఏది సుఖమో అది పిల్లలకు అందుతోంది, పిల్లలకు ఏది కావాలో అది బాకీల పేజీలో పడుతోంది. కళ్లజోడు కావాల్సిన వాళ్లలో ఒకడు బోర్డు మీద ఏమీ కనపడక పక్కవాడి నోటుబుక్కు చూసి రాసేవాడు, పక్కవాడు తప్పు రాస్తే వీడిదీ తప్పే, ఇద్దరికీ ఒకే తప్పులు వస్తున్నాయని మాస్టారు వీణ్ణి కాపీ కొట్టేవాడి కింద జమకట్టారు. తొమ్మిది వందల రూపాయల కళ్లజోడు సంగతి అది.

నా పింఛను నుంచి కొంత వేశాను, ఎంతో రాయను, పెద్ద మొత్తమేమీ కాదు. మిగతాది ఎవరినైనా అడగాలి. అడగడం అంటే మాట్లాడటం. మా మనవడు బెంగళూరులో ఉంటాడు, ఎప్పుడు ఫోను చేసినా ‘కంఫర్ట్ జోన్ దాటాలి తాతా’ అంటాడు, వాడు నెలకోసారి ఏదో కొండ ఎక్కి ఫొటో పంపిస్తాడు. కొండ ఎక్కడానికి నాకేం భయం లేదు. కావలి ట్రంకు రోడ్డులో ఒక బట్టల కొట్టు మెట్లెక్కి, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి కళ్లలోకి చూసి ‘పిల్లలు’ అనే మాట అనమంటే మాత్రం నాకు చెమటలు. మా నెల్లూరు వైపు బిడ్డలు అనే మాట ఉండబట్టి బతికిపోయాను, అది కొంచెం తేలిగ్గా వస్తుంది.

వారం రోజులు ఏదో ఒక సాకు. ఎండలు తగ్గనీ అని, అమావాస్య పోనీ అని. మా ఆవిడది కలిగిరి మండలం, సారా వ్యతిరేక ఉద్యమం మొదలైన దూబగుంట పక్క ఊరు. ఒక రాత్రి అన్నం పెడుతూ అంది, ‘మా అమ్మ వేలిముద్ర మనిషి. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటా దిద్దుకుంటా పోయి సారా కొట్టు ముందు నిలబడింది. మీరు బట్టల కొట్టు ముందు నిలబడలేరా?’ ఇంకేం మాట్లాడతాను. ఆ ఆడవాళ్లు నిలబడబట్టే 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. నేను ఆపాల్సింది పాలు పలచబడటమే.

మా అల్లుడొక ఉపాయం చెప్పాడు. మాట్లాడే పనే లేకుండా ఒక అట్ట మీద సంగతంతా రాసి మెడలో తగిలించుకోండి మామయ్యా అన్నాడు. అతను ఎగతాళికి అనలేదు గానీ నాకు వెంటనే పొట్టి శ్రీరాములు గారు గుర్తొచ్చారు. దీక్షకు ముందు సంగతి, హరిజనుల కోసం నినాదాలు రాసిన అట్టలు ఒంటికి తగిలించుకుని, కాళ్లకు చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా నెల్లూరు ఎండలో వీధులు తిరిగేవారు, చూసినవాళ్లలో కొందరు పిచ్చోడనుకున్నారు. 2008లో జిల్లాకే ఆయన పేరు పెట్టుకున్నాం. ఆయన అట్ట వేసుకున్నది సిగ్గు వదిలేసి, నేను వేసుకుంటే సిగ్గు దాచుకోవడానికి. అయినా మొదటి రోజు అట్ట వేసుకునే పోయాను, అబద్ధం ఎందుకు. ఎనిమిది కొట్లు తిరిగితే ఎనిమిది చోట్లా చదవకుండానే పదో ఇరవయ్యో చేతిలో పెట్టి పంపించేశారు. మూగవాడనుకున్నారు. ఒక కొట్లో కుర్రాడు నోటి దగ్గర చెయ్యి పెట్టి అన్నం తిన్నావా అని సైగ చేశాడు. సాయంత్రానికి 140 రూపాయలు వచ్చాయి, బిడ్డలకు ఏం కావాలో ఒక్కడికీ తెలియలేదు. అట్ట ఇంట్లో పడేశాను.

రెండో రోజు నోరు తెరిచాను. మొదటి కొట్టు స్టీలు సామాన్లది. యజమాని నా వయసువాడే. నమస్కారం అయ్యింది, ‘నేను క...’ దగ్గర పడిపోయింది గడియ. కావలి అని ఎందుకు మొదలుపెట్టానో నాకే తెలియదు, కావలిలో నిలబడి కావలివాణ్ణని చెప్పాలా? మెడ నరాలు బిగుసుకున్నాయి, కళ్లు మూసుకుపోయాయి, చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి పోయింది. నాకది మామూలే. ఆయన మాత్రం ‘ఒరే, గుండెపోటురా, కుర్చీ వెయ్యండిరా’ అని ఒక్క అరుపు అరిచాడు. ఇద్దరు నన్ను ఎత్తి కూర్చోబెట్టారు, ఒకడు ఫ్యాన్ తిప్పాడు, ఇంకొకడు నిమ్మకాయ సోడా తెచ్చాడు, 108కి కొడుతున్నవాణ్ణి చెయ్యి పట్టుకుని ఆపాను. సోడా తాగి, ఊపిరి పీల్చుకుని, నత్తి సామీ, గుండె బాగానే ఉంది అని చెప్తే ఆయన రెండు నిమిషాలు నవ్వాడు, నేనూ నవ్వాను. తర్వాత పావుగంట కూర్చోబెట్టి మొత్తం విన్నాడు. ఎక్కడ ఆగినా అందించలేదు, నా బదులు తను మాట పూర్తి చేయలేదు, నత్తి ఉన్నవాళ్లకు తెలుస్తుంది అది ఎంత మర్యాదో. రెండు తలుపులూ ఆయనే పెట్టించాడు. డబ్బు ఇవ్వలేదు, నేరుగా వడ్రంగిని పంపాడు.

అక్కణ్ణుంచి పందొమ్మిది రోజులు తిరిగాను. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా, 143 కొట్లు, ఇచ్చినవాళ్లు 61 మంది. లెక్కల మనిషిని, ఇవి రాసుకోకుండా ఉండలేను. ఇవ్వనివాళ్ల మాటలు కూడా రాసుకున్నాను, అవే ఎక్కువ పనికొచ్చాయి. ‘ఇట్టాంటోళ్లు రోజుకు పదిమంది వస్తారు’ అన్నవాళ్లు చాలామంది, వాళ్లు చెప్పేది నిజమే, దొంగ రసీదు పుస్తకాలు పట్టుకు తిరిగేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. అందుకని నేను చేత్తో డబ్బు తీసుకోవడం మూడో రోజే మానేశాను. హోమ్ ట్రస్టు ఖాతా క్యూఆర్ కోడ్ ప్రింటు తీయించి పట్టుకెళ్లాను, నా ఫోన్ నంబరుకు ఒక్క రూపాయి వేయనివ్వలేదు. పన్ను మినహాయింపుకు పనికొచ్చే 80జీ రసీదు ఇస్తారా అని అడిగినవాళ్లకు ఇస్తారని, రెండు వేలకు మించి నగదుగా ఇస్తే మాత్రం పన్ను మినహాయింపు రాదని, కొత్త పన్ను విధానంలో ఉంటే ఎలా ఇచ్చినా రాదని చెప్పాను. ఆ చివరి ముక్క చెప్పకుండా ఉంటే ఇంకో ఇద్దరు ఇచ్చేవాళ్లే. చెప్పాను, ఇవ్వలేదు. పోనీండి.

పద్యం సంగతి కూడా చెప్పాలి. నత్తి ఉన్నవాళ్లకు పాడేటప్పుడు సాధారణంగా నత్తి రాదు. హోమ్‌లో ఒక చిన్నపిల్ల ఇది కనిపెట్టేసి, ‘తాతా, పాడతా అడగరాదూ’ అంది. ఒక నగల కొట్లో నిజంగానే రాగం తీశాను, పౌరాణిక నాటకాల ఫక్కీలో, పాల బాకీ ముప్పై ఒక్క వేలని సాగదీస్తే సేల్స్ పిల్లలంతా చుట్టూ చేరారు, సెల్‌ఫోన్లు బయటికొచ్చాయి, చప్పట్లు కూడా. అయిదు వేలు వచ్చింది, డబ్బుగా ఒకే కొట్లో అన్నిటికంటే ఎక్కువ. బయటికొచ్చాక మనసు బాగోలేదు. దేనికిచ్చావయ్యా అంటే ఆ యజమాని చెప్పలేడు, ముసలాయన తమాషాగా పాడాడు అంటాడంతే. కేకు దగ్గర ఫొటోకూ నా పద్యానికీ పెద్ద తేడా ఏముంది? మళ్లీ పాడలేదు. అయిదు వేలు వెనక్కివ్వలేదనుకోండి, అంత వెర్రివాణ్ణి కాదు.

ఈ ఉత్తరానికి అసలు కారణం ఇప్పుడొస్తోంది. ఉదయగిరి రోడ్డులో ఒక హోటలాయన, మంచివాడే, టీ తాగించి మరీ సలహా చెప్పాడు. ‘నువ్వు ఒక్కడివే తిరిగితే ఏం రాలద్ది పెద్దాయనా. బిడ్డలను ఇద్దరిని ఎంటబెట్టుకురా, చిన్నోళ్లయితే ఇంకా మంచిది. వాళ్ల మొకాలు జూస్తే ఎవుడైనా ఇస్తాడు.’ నిజమే, ఇస్తారు. ఇద్దరు పిల్లల్ని చేతులు పట్టుకుని నడిపించుకెళ్లి ఉంటే పందొమ్మిది రోజుల పని నాలుగు రోజుల్లో అయిపోయేది, నేను నోరు తెరిచే పని కూడా ఉండేది కాదు. అంటే నా నత్తి మూటను ఆ బిడ్డల నెత్తిన పెట్టడమన్నమాట. చట్టం సంగతి కూడా ఆయనకు చెప్పాను. బాలన్యాయ చట్టం 2015లో 76వ సెక్షన్ అని ఒకటుంది, పిల్లల చేత అడుక్కునే పని చేయిస్తే అయిదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆయన ‘ఇది అడుక్కోడం కాదు గదా, చందా గదా’ అన్నాడు. నిలబడ్డ బిడ్డకు ఆ తేడా తెలుస్తుందా సామీ అంటే మాట్లాడలేదు. ఆ నెల కరెంటు బిల్లు కట్టాడు.

అదే చట్టంలో 74వ సెక్షన్ మీ పత్రికకు సంబంధించింది. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, ఫొటో, గుర్తుపట్టే ఏ వివరమైనా ఏ పత్రికలో గానీ టీవీలో గానీ ఇంకే విధంగా గానీ బయటపెట్టకూడదని ఉంది. కమిటీ అనుమతిస్తే తప్ప, అదీ పిల్లల మేలు కోసమైతేనే. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది మీకు తెలియదనుకోను. నేర వార్తల్లో పిల్లల మొహాలు చెరిపేస్తారు కదా, అప్పుడు ఈ సెక్షనే గుర్తుంటుంది. పుట్టినరోజు వార్తకు ఎందుకు గుర్తు రాదు? అక్కడ అందరూ నవ్వుతూ ఉంటారు కాబట్టి తప్పేముందిలే అనిపిస్తుంది. బెంచీ మీద పేపరు ముక్క చూసుకున్న పిల్లకు అలా అనిపించలేదు.

ఈ తిరుగుడులో డబ్బు కాకుండా ఇంకొకటి కూడా జరిగింది. ఒక చెప్పుల కొట్టామె నా మాటలన్నీ విని, ‘మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి మొగుడు పోయాడన్నా, ఇద్దరు బిడ్డలు, మీ హోమ్‌లో చేర్చుకుంటారా’ అని అడిగింది. హోమ్ కంటే మంచిది ఇంకోటి ఉందమ్మా అని మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద ఇచ్చే స్పాన్సర్‌షిప్ గురించి చెప్పాను. పిల్లలు తల్లి దగ్గరే ఉంటారు, బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి, ఎవరిని అడగాలో తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే చెప్తారు. ఆ అమ్మాయి దరఖాస్తు నేనే రాసిపెట్టాను, రాయడానికి నాకు నత్తి లేదు కదా. నేను ఆ కొట్టు మెట్లెక్కకపోయి ఉంటే ఆ ఇద్దరు బిడ్డలు కూడా ఏదో ఒక హోమ్‌లో, ఏదో ఒక ఆదివారం, ఏదో ఒక కేకు ముందు కూర్చుని ఉండేవాళ్లు.

అడగడం మన జిల్లాకు కొత్త కాదు. నెల్లూరు రొట్టెల పండుగకు మీరూ పోయే ఉంటారు. స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో లక్షాధికారి, కూలివాడు పక్కపక్కన నిలబడి, ముక్కూ మొహం తెలియనివాళ్లను ‘చదువు రొట్టె ఉందా, ఆరోగ్య రొట్టె ఉందా, పెళ్లి రొట్టె ఉందా’ అని గట్టిగా అరిచి అడుగుతారు. కోరిక తీరినవాడు మళ్లీ వచ్చి రొట్టె ఇస్తాడు, కావాల్సినవాడు చెయ్యి చాపి పుచ్చుకుంటాడు. ఎవరికీ సిగ్గుండదు. నేను ఉద్యోగంలో చేరకముందు ఒకసారి ఉద్యోగ రొట్టె కోసం తమ్ముణ్ణి వెంటబెట్టుకుపోయి వాడి చేత అడిగించాను, నా నోటితో నేను అడగలేదు. ఈసారి పోయాను. నీళ్లలోకి దిగి ‘చదువు రొట్టె’ అని నేనే అడిగాను. చ బాగానే వచ్చింది. కడపాయన ఒకరు ఇచ్చారు, ఎవరికి బాబాయ్ మనవడికా అన్నారు. ముప్పై నలుగురికి అన్నాను. ఆయన సంచిలో ఉన్నవన్నీ ఇచ్చేశారు, నాకు చాలని చెప్పడానికి చ లేని మాట వెతుక్కోవాల్సి వచ్చింది, ఎందుకంటే అప్పటికి చ కూడా పట్టేసింది.

ఇక మిమ్మల్ని అడగాల్సింది అడుగుతాను. పిల్లల మొహాలతో పుట్టినరోజు ఫొటోలు వేయడం ఆపండి. దాతల ఫొటో వేయండి, ఎంత పెద్దదైనా వేయండి, నాకేం అభ్యంతరం లేదు, పాల బాకీ కట్టిన రసీదుతో దిగితే నేనే ముందు చూస్తాను. నెలకోసారి జిల్లా పేజీలో నాలుగు అంగుళాల చోటు ఇవ్వండి. హోమ్‌ల పేర్లు అక్కర్లేదు, ఏ ఊళ్లో ఎన్ని కళ్లజోళ్లు, ఎన్ని నెలల టీచరు జీతం, ఎంత కరెంటు బిల్లు బాకీ ఉందో అంతే. ఆసక్తి ఉన్నవాళ్లు మీ ఆఫీసును అడిగితే మీరు బాలల సంక్షేమ కమిటీని కలవమని చెప్పండి. బాకీల జాబితా రాసి పంపడం నేను చేస్తాను, చేతిరాత బాగుంటుందని ఆఫీసులో పేరుండేది. బిర్యానీ పెట్టేవాళ్లు మానక్కర్లేదు, ఆదివారం వదిలేసి ఒక మంగళవారం వస్తే చాలు, కెమెరా లేకుండా వచ్చి వాళ్లతో పాటు కింద కూర్చుని తింటే ఇంకా మంచిది. కేకు ముందు నిలబడి పిల్లల చేత హ్యాపీ బర్త్‌డే పాడించుకోవడం కంటే అది కష్టమే, వాళ్లతో ఏం మాట్లాడాలో తోచదు. నాకూ మొదట తోచలేదు, నత్తి లేనివాళ్లకు కూడా తోచదని తర్వాత తెలిసింది.

లెక్క చెప్పి ముగిస్తాను. తలుపులూ, కరెంటు బిల్లూ నేరుగా ఇచ్చినవి కలుపుకుని వచ్చింది 71,350. పాలవాడి బాకీ మొత్తం తీరింది, పాలు చిక్కబడ్డాయని వంటామె ఒప్పుకుంది. కళ్లజోళ్లు వచ్చాయి, నోటుబుక్కు చూసి రాసేవాడు ఇప్పుడు పక్కవాడి తప్పులు దిద్దుతున్నాడట, అదొక కొత్త గొడవ. టీచరమ్మకు ఇంకా 7,190 ఇవ్వాలి. ఈ ఉత్తరం పోస్టులో వేసి అటునుంచి అటే ఒక ఎరువుల కొట్టుకు పోవాలి, ఆయన ఇప్పటికి నాలుగుసార్లు రేపు రమ్మన్నాడు. కొట్టు పేరు ప తో మొదలు, ఆయన పేరు క తో. ఆ రెండూ అనకుండా ఎలా పలకరించాలా అని పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను.

ఇట్లు
ఒక విశ్రాంత లెక్కల గుమస్తా,
కావలి, నెల్లూరు జిల్లా.